దిబ్బ మీది బొడ్రాయి

కిష్టవ్వ నోరు ఊకుండదని నారాయణఖేడ్ బస్ డిపో ఎనుక గల్లీల అందరికి ఎరుకే. పాల పాకెట్‌కు పోతే గంట పడతది. దారిల ఎవరు ఎదురైనా వాళ్ళ తాత పేరు, తాత దున్నిన ఎద్దు పేరు, ఆ ఎద్దును ఏ అంగట్ల కొన్నరన్నది, అన్నీ యాది చేసినంకనే పాలు ఇల్లు చేరతయి. అసొంటి మనిషి ఆ మంగళవారం పొద్దుగాల నుంచి మాట లేకుంట కూసున్నది. కోడలు చాయ్ తెచ్చిచ్చి, "ఏమైందత్తా, పండ్లు నొస్తున్నయా" అని అడిగింది. పండ్లు ఉంటే కద నొచ్చేటందుకు.

పొద్దుగాల గోవర్ధన్ వచ్చి పోయిండు. అదీ సంగతి.

గోవర్ధన్ ఇప్పలగట్టు పెద్దమనిషి. ఇప్పలగట్టు కిష్టవ్వ కాపురం చేసిన ఊరు. ఖేడ్ నుంచి సిర్గాపూర్ దిక్కు ఆటోల ముప్పావు గంట. ఇప్పుడున్నది కొత్త ఊరు. పాత ఊరు యాభయ్యారేండ్ల కింద, వాగుకు అడ్డంగ కట్ట పోసినప్పుడు మునిగింది. మొదటి వానకాలం నిలువెల్ల మునిగి, ఎండకాలానికి నీళ్ళు దిగితే ఊరి నడిమి గడ్డ ఒక్కటి బయట పడ్డది. చుట్టూ నీళ్ళు, నడుమ ఒండ్రుమట్టి. మళ్ళ ఎన్నడు అంత ఎత్తుకు నీళ్ళు రాలేదు. దాన్ని దిబ్బ అంటరు. ఆ దిబ్బ మీదనే ఊరి బొడ్రాయి ఉన్నది.

బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. నడి ఊర్ల పాతిన రాయి. కొత్తూర్లె అది లేకనే కరువులు వస్తున్నయని, పిలగాండ్లు హైదరాబాద్ కూలికి పోయి తిరిగి వస్తలేరని ఊరు ఎన్నేండ్ల నుంచో అనుకుంటున్నది.

"పెద్దమ్మా, ఇగ తెస్తున్నం బొడ్రాయిని," అన్నడు గోవర్ధన్, గడపల చెప్పులిడిసి. "ఆయితారం లేపుతం. బేస్తారం పండుగ. ఆడబిడ్డలకందరికి చీరెలు పోయినయి. అయ్యగారేమన్నడంటే, రాయిని ఒక్కదాన్నే పీకద్దట. అడుగున పెద్దలు నవధాన్యాలు, రాగిరేకు పెట్టి ఉంటరు, మూడు ఫీట్లు తవ్వి అవి గూడ పైలంగ తియ్యాలె అన్నడు."

కిష్టవ్వ చేతుల గిలాస పక్కకు పెట్టింది.

"నువ్వు రావాలె పెద్దమ్మా. ఆనాడు చూపిచ్చింది నువ్వేనాయె. చూపిచ్చిన చేతులు పడకుంట ఎట్ల లేపుతం?"

"మోకాళ్ళు నొస్తున్నయి కొడుకా."

"ఎత్తుకపోత. చిన్నప్పుడు నువ్వు నన్నెత్తుకోలేదా, బాకీ ఉన్న," అని నవ్వి పోయిండు.

ఆ దిబ్బ మీద ఉన్నది బొడ్రాయి కాదు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే ఎరుక. ఒకడు కిష్టవ్వ పెనిమిటి నాగయ్య, ఆయన పోయి తొమ్మిదేండ్లు. ఇంకొకతి కిష్టవ్వ.

ఊరు ఇడిసే ఏడాది కిష్టవ్వకు పందొమ్మిది. తొలి కాన్పు ఆడపిల్ల. పదకొండో దినం జరమొచ్చి పోయింది. ఇరవయ్యొకటో దినం తొట్టెలేసి పేరు పెడదామనుకున్నరు, అంతదాక ఉండలేదు. పసిపిల్లను కాలవెట్టరు కద. నాగయ్య దొడ్లె తవ్విండు, అత్త కిష్టవ్వ పెండ్లిచీర కొంగు చింపి ఇచ్చింది. నెల తిరగకముందే ఊరు ఖాళీ చెయ్యాలన్నరు. బండ్లెక్కే పొద్దు కిష్టవ్వ ఒక్కతే దొడ్లెకు పోయి, లేగను కట్టేసే రాతి గుంజను పెరికి, ఈడ్చుకపోయి, పిల్ల తలాపున నిలవెట్టింది. నీళ్ళు వచ్చి పోయినా జాగ ఎరుక పడాలె గద. అంతే ఆమె అనుకున్నది.

మరుసటి ఎండకాలం నీళ్ళు దిగంగనే ఊరోళ్ళు బొడ్రాయి కోసం వచ్చిండ్రు. ఇండ్లు లేవు, గోడలు లేవు, అంత సాపు. ఒండ్రుల నుంచి ఒకే ఒక్క రాయి మూరెడు పొడుగు బయటికి ఉన్నది. పెద్దలంత దాని చుట్టూ మూగిండ్రు. బొడ్రాయికాడ దినాం ఊడ్చి సాన్పు చల్లింది నాగయ్య ఇంటోళ్ళే కాబట్టి, కోడలుపిల్లను ముందుకు నూకిండ్రు. "చెప్పు బిడ్డా, ఇదేనా?"

కిష్టవ్వ నాగయ్య దిక్కు చూసింది. నాగయ్య నేల దిక్కు చూసిండు. కాదంటే ఇది ఏం రాయి అని అడుగుతరు, పీకి పారేస్తరు. "అదే" అన్నది. అక్కడికక్కడ పసుపు కుంకుమ పెట్టిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు, కొత్తూరు కుదురుకున్నంక తీస్కపోదమని ఆడనే ఉంచిండ్రు. తన పిల్ల మీద ఇంతమంది నీళ్ళు పోస్తున్నరు గదా అని ఆ పందొమ్మిదేండ్లదానికి కడుపు సల్లబడ్డది. అది తప్పని తర్వాత అనిపిచ్చింది. తర్వాత అంటే చానా తర్వాత. అప్పటికి మొక్కులు మొదలైనయి.

ఇప్పుడు మూడు ఫీట్లు తవ్వుతరట.

అంకితకు ఇదేమి ఎరుక లేదు. అంకిత కిష్టవ్వ కొడుకు బస్వరాజ్ బిడ్డ. ఖేడ్ల డిగ్రీ చదువుకుంట ఫోన్ల వీడియోలు తీస్తది. బోరంచ నల్లపోచమ్మ జాతర తీస్తే మస్తుమంది చూసిండ్రు. అప్పటినుంచి దిబ్బ మీద పడ్డది. "అవ్వా, సముద్రంల దీవులకు లక్షలు పెట్టి పోతరు. మనకు గంట దూరంల దీవి ఉన్నది, ఎవ్వనికి తెల్వదు. నువ్వు ఒక్కొక్క జాగ చూపియ్యి, కత చెప్పు. నేను తీస్త" అని ఆరు నెలల నుంచి సతాయిస్తున్నది.

బుధారం కిష్టవ్వ తనంత తానే అన్నది. "శుక్రారం పోదామా దిబ్బకు?"

"మోకాళ్ళో?"

"మోకాళ్ళను గూడ తోలుకపోదాం."

ఆమె లెక్క వేరే. అసలు బొడ్రాయి ఆ మట్టిలనే ఎక్కడనో ఉండాలె. అది దొరికితే గోవర్ధన్‌కు దాన్నే చూపియ్యచ్చు, యాది తప్పిన్నని చెప్పచ్చు, పిల్ల జోలికి ఎవరు పోరు.

శుక్రారం అహరోను పుట్టిల కూసోవెట్టిండు. పుట్టి అంటే గుండ్రటి బుట్ట పడవ. అహరోను చేపలు పట్టే మనిషి, నీళ్ళ మీద పాటలు పాడుకుంట, ఎవ్వరెక్కినా బరువు మీద ఒక మాటనకుంట ఉండడు.

"అవ్వా, నువ్వెక్కినంక పుట్టి నా మాట ఇంటలేదు. నీ మాటనే ఇంటున్నది."

"నా ముప్పై కిలోలకే అట్లయితే నీ పెండ్లాం ఎక్కినప్పుడు ఏం చేస్తవురా?"

"అది ఎక్కదు. ఒడ్డు మీద నుంచే తిడతది."

అంకిత నవ్వుకుంట ఫోన్ పట్టింది. దిబ్బ మీద దిగంగనే ఎండ మొకాన కొట్టింది. సీతాఫలం పొదలు, తుమ్మలు, నీళ్ళంచున తెల్ల కొంగలు. కర్బూజ తీగెలు తమంత తాము పారినయి. కిష్టవ్వ కట్టె పట్టుకొని ముందు నడిచింది, నడిచే కొద్ది పాత ఊరు కండ్లముందటికి వచ్చింది. ఇది ఒగ్గుకత చెప్పే ఒగ్గోళ్ళ వాడ, ఇగో ఈ గుంత కుమ్మరి ఆవం, ఆ రాళ్ళకుప్ప పీరీలు నిలబెట్టే చావిడి, పీరీల పండుగకు హిందువులమంత అగ్గి తొక్కేటోళ్ళం. ఆ గజమెత్తు గోడ ఊటబాయిది, దాంట్ల నీళ్ళు తియ్యగ ఉంటుండె, పెండ్లికూతుర్లు ముందు ఆ నీళ్ళు తాగినంకనే అత్తింట్ల అడుగు పెట్టాలె. అహరోను రాళ్ళ నడుమ పొయ్యి పెట్టి పరక చేపపిల్లలను చింతచిగురేసి వండిండు. జొన్నరొట్టెల తిన్నరు. అంకితకు చెప్పలేనంత సంబురం. "ఎంతుందే అవ్వా నీ తలకాయల" అంటున్నది.

కిష్టవ్వ మాత్రం మాట్లాడుకుంటనే అడుగులు లెక్కవెడుతున్నది. బాయికాడికెళ్ళి చావిడికి నూటిరవై అడుగులు. చావిడికెళ్ళి బొడ్రాయికి యాభై, ఎడమకు తిరిగి. యాభై ఏసింది. తుమ్మచెట్టు. కట్టెతోని పొడిచింది. మట్టి. పందొమ్మిదేండ్ల పిల్ల అడుగులు వేరు, డెబ్బయ్యైదేండ్ల ముసలిదాని అడుగులు వేరు. డెబ్బయ్యేసింది. మళ్ళ చావిడికాడికి పోయింది.

"ఏం ఎతుకుతున్నవ్ అవ్వా?"

"చెప్పు తెగింది, ముల్లు దిగింది."

కాళ్ళకు రెండు చెప్పులు మంచిగనే ఉన్నయి. అంకిత చూసింది, అడగలేదు.

ఎండ తిరిగేదాక తిరిగింది. ఒండ్రు ఎన్ని గజాలు పేరుకున్నదో, అసలు రాయిని ఆ నీళ్ళే కొట్టుకపోయినయో ఎవ్వరు చెప్పాలె. ఆఖరికి మొక్కుల రాయికాడికి వచ్చి కూలవడ్డది. చుట్టూ ఎర్రగుడ్డలు, ఎండిన నిమ్మకాయలు, గాజులు. అంకిత మోకాళ్ళ మీద కూసొని రాయిని దగ్గరికెళ్ళి తీస్తున్నది. "మెడకాడ గీత చూడండి. పాతకాలంల చెక్కిన కంఠాభరణం" అని ఫోన్‌కు చెప్తున్నది. అది లేగ పలుపు ఒరుసుకొని పడ్డ గీత. ఎర్ర లేగ, నొసట సుక్క ఉండేది. కిష్టవ్వ నోటిదాక వచ్చింది, మింగింది.

ఆ రాత్రే అంకిత ఆ ముక్క నెట్ల పెట్టింది. తెల్లారేసరికి నలభై వేలమంది చూసిండ్రు. ఆడికి ఎట్ల పోవాలె, పుట్టి ఎక్కడ దొరుకుతది, పిల్లలు కానోళ్ళకు మంచిదా, అని అడుగుతున్నరు. అంకిత ఒక్కొక్కటి చదివి వినిపిస్తుంటే కిష్టవ్వ తినే రొట్టె పక్కకు పెట్టింది.

ఆయితారం నాలుగు పుట్టీలల్ల పోయిండ్రు. గోవర్ధన్, గడ్డపారలు పట్టుకొని దత్తు, ఇంకిద్దరు, డప్పు ఒకటి, అంకిత, కిష్టవ్వ. దత్తు గోవర్ధన్ అన్న కొడుకు, రెండు బస్తాలు ఒక్కసారే మోసేటోడు, మాట మాత్రం ఆగదు. గోవర్ధన్ కొబ్బరికాయ కొట్టి కిష్టవ్వ చేత రాయికి పసుపు రాపిచ్చిండు. ఆమె చెయ్యి మెడకాడి గీత మీదనే ఆగింది. అందరు భక్తి అనుకున్నరు.

దత్తు గడ్డపార ఎత్తి మొదటి పోటు దించిండు. మెత్తటి మట్టి, జానెడు దిగింది.

"గోవర్ధనా," అన్నది కిష్టవ్వ. "గడ్డపార పక్కకు పెట్టియ్యి. అది బొడ్రాయి కాదు."

"ఎండ తాకినట్టుంది. అహరోనూ, అవ్వకు నీళ్ళియ్యి."

"ఎండ తాకలేదు. అది మా దొడ్లె లేగను కట్టేసిన గుంజ. మెడకాడ గీత పలుపు రాసుకొని పడ్డది."

దత్తు నవ్విండు. "అవ్వా, అయ్యగారు ఆ గీతను అమ్మవారి మెడల కంటె అన్నడు గదనే."

"అయ్యగారు ఎన్నడన్న లేగను కట్టేసిండారా?"

గోవర్ధన్ మొకం బిగిసింది. "పెద్దమ్మా, ఊరంత చూస్తున్నది. రాయిని కదిలియ్యద్దని నీకుంటే ముందే చెప్పాల్సింది. దత్తూ, కానియ్యి."

దత్తు మళ్ళ ఎత్తిండు.

"అటు నుంచి తవ్వకు బిడ్డా," అన్నది కిష్టవ్వ. గొంతు పెంచలేదు. "ఆ దిక్కు కాళ్ళుంటయి. తలకాయి దక్షిణం. నాగయ్య తవ్విండు, నేను పెట్టిన. పదకొండు దినాల ఆడపిల్ల. నా పెండ్లిచీర కొంగుల చుట్టినం, ఆకుపచ్చది, జరీ అంచు. జరీ ఏమన్న మిగిలి ఉంటే మీకు అదే ముందు దొరుకుతది."

దత్తు గడ్డపారను దించలేదు, పైన పట్టుకొని అట్లనే నిలవడ్డడు. డప్పు మనిషి డప్పును కింద పెట్టిండు. అంకిత ఫోన్ ఎప్పుడు దించిందో ఎవరు చూడలేదు.

గోవర్ధన్ తుమ్మనీడకు పోయి కూసున్నడు. "మా కోడలు ఈడనే మొక్కింది," అన్నడు. తలెత్తి, "అసలుది ఎక్కడున్నది?"

"ఎరుక లేదు కొడుకా. మొన్న వచ్చి ఎతికిన. దొరకలేదు."

"అబద్ధం చెప్తివి, యాభయ్యారేండ్లు."

"చెప్పిన."

గోవర్ధన్ లేచి దగ్గరికొచ్చిండు, గొంతు తగ్గిచ్చి అన్నడు. "సరే. తవ్వద్దు. ఊర్లెకు పోయి ఒక మాట చెప్దాం. నలుగురు మనుషులు పట్టినా రాయి కదలలేదు, అమ్మ ఈడనే ఉంటనన్నది అని. కొత్త రాయి చెక్కిచ్చి ఊర్లె పెట్టుకుందాం. నీ పరువు ఉంటది, నా పరువు ఉంటది, పిల్ల ఉంటది."

మంచి మాటే. కిష్టవ్వ ఒప్పుకుందామనే నోరు తెరిచింది. అంత దూరాన అంకిత నిలబడ్డది కనవడ్డది. నలభై వేలమంది యాదికొచ్చిండ్రు.

"కదలని రాయి అంటివనుకో, రేపటికెళ్ళి పుట్టీలు సరిపోవు గోవర్ధనా. కోళ్ళు కోస్తరు, మైకులు పెడతరు, షెడ్డు ఏస్తమని పునాది తవ్వుతరు. నువ్వు తవ్వకున్నా ఇంకోడు తవ్వుతడు. నా పిల్లను పండుకోనియ్యరు. వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్త. నేనే చెప్త."

"నిన్ను పచ్చిగ తిడతరు."

"తిట్టనియ్యి."

పొద్దు వాలకముందే పంచాయతి కాడ ఊరు కూడింది. పండుగకు ముందే వచ్చిన ఆడబిడ్డలు గూడ చంకల పిల్లలతోని నిలబడ్డరు. కిష్టవ్వ అరుగు మీద నిలబడి మొదటికెళ్ళి చెప్పింది. ఎద్దుల పేర్లు లేవు, తాతల పేర్లు లేవు. గుంజ, పిల్ల, "అదే" అన్న మాట. అంతే.

గడబిడ కాలేదు. అదే ఆమెకు భయమైంది. ఒక ముసలాయన ఉమ్మేసి పోయిండు. ఎవరో ఆడామె, "పీనుగకు పరమాన్నం పెట్టిపిచ్చినవా మాతోని" అన్నది. అప్పుడు ముందటి వరసల నుంచి ఆనందమ్మ లేచింది. ఆనందమ్మకు యాభై దాటినయి. పెండ్లైన పదేండ్లకు ఆ రాయికాడ మొక్కితే కొడుకు పుట్టిండని ఊరంత చెప్పుకుంటది. ఆ కొడుకు సంగమేశ్వర్ హైదరాబాద్ల కంపెనీ బండి నడుపుతడు. ఇరవై రెండేండ్ల సంది, ఎండకాలం మొదటి బుధారం, బిందె నెత్తిన పెట్టుకొని పుట్టిల పోయి రాయి మీద నీళ్ళు పోసి వస్తది.

"అత్తా," అన్నది. "మరి నేను ఎవర్ని అడిగిన?"

"నా బిడ్డను అడిగినవ్."

ఆనందమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఎల్లిపోయింది. ఆమె ఎనుక ఒక్కొక్కరు పోయిండ్రు. ఆటో దాకా కిష్టవ్వతోని అంకిత తప్ప ఎవరు రాలేదు. ఆటోల అంకిత ఆ వీడియో తీసేసింది. అప్పటికే వేరేటోళ్ళు తీసుకొని తమ పేర్ల మీద పెట్టుకున్నరట. అవి ఎట్ల తీసేస్తరో అంకితకు గూడ ఎరుక లేదు. అవ్వ చెయ్యి పట్టుకొని, "ముందే చెప్తే నేను పెట్టకపోదును" అన్నది. కిష్టవ్వ బయటి చెట్ల దిక్కు చూసింది.

బేస్తారం ఇప్పలగట్టుల కొత్త రాయి పెట్టిండ్రు. బొడ్రాయి పెట్టే పొద్దు పొలిమేర మూస్తరు, ఊరోళ్ళు బయటికి పోరు, బయటోళ్ళు లోపటికి రారు. కిష్టవ్వను రమ్మని ఎవరు అనలేదు, రావద్దని గూడ అనలేదు. ఆమె ఖేడ్లనే ఉన్నది. పొద్దంత వాకిట్ల కూసొని కందిపప్పు ఏరింది. ఏరిందే మళ్ళ ఏరింది. బస్వరాజ్ డ్యూటీ దిగి డిపో నుంచి వచ్చి, "ఎన్నడూ చెప్పకపోతివి, నాకు అక్క ఉండెనని" అన్నడు. అన్నంకాడ కూసొని తినకుంట లేచిండు.

ఆయితారం పొద్దుగాల గల్లీ మొదట్ల ఆనందమ్మ కనవడ్డది. చెంగు నడుముకు చెక్కుకొని, ఇల్లు ఏదని అడుగుకుంట వస్తున్నది. కిష్టవ్వ లేచి నిలబడ్డది. కొడతదేమో అనుకున్నది, కొట్టినా సరే అనుకున్నది.

ఆనందమ్మ కూసోలేదు. కోడలిచ్చిన చాయ్ చేతుల పట్టుకొని నిలబడే మాట్లాడింది. "వచ్చే బుధారం నేను నీళ్ళు పోసే దినం అత్తా. వారం దినాల నుంచి నిద్ర లేదు. మా ఆయన ఇగ పోవద్దంటడు, శవానికి పోసుడేంది అంటడు. పిలగాడు బండి నడిపేటోడు. ఇరవై రెండేండ్లు పోసి ఒక్కసారి ఆపితే, వానికేమన్న అయితే నేనేం చెయ్యాలె. పొయ్యాల్నా, ఆపాల్నా? నువ్వే చెప్పాలె. నీ బిడ్డ."

కిష్టవ్వ ఆమె మొకం చూసింది. ఆ భయం తనదే. తను చేసి, ఆమె చేతుల పెట్టింది.

"దానికి పదకొండు దినాలు ఆనందమ్మా. పాలు తాగుడు, ఏడ్సుడు, రెండే తెల్సు. పగ పట్టుడు నేర్సుకోలేదు. నువ్వు పోసినా ఏమనుకోదు, పొయ్యకున్నా ఏమనుకోదు. నీ కొడుక్కు దాని నుంచి చెడు రాదు. అది మాత్రం నేను చెప్పగలుగుత."

ఆనందమ్మ ఆ మాట వింటుంటే మొకం కొంచెం కుదుట పడ్డది. మళ్ళ అంతల్నే కనుబొమ్మలు దగ్గరికొచ్చినయి. చాయ్ గిలాస గడప మీద పెట్టింది.

"చెడు చెయ్యరాదంటే మంచి చెయ్యనీకె గూడ రాదన్నట్టే కద అత్తా. మరి నా కొడుకును ఎవరిచ్చిండ్రు?"

కిష్టవ్వ గడప మీది గిలాసను చేతిలకు తీసుకున్నది. డిపో కాడ ఆటోవాడు సిర్గాపూర్, సిర్గాపూర్ అని ఒర్రుతున్నడు. ఆనందమ్మ చెంగు సదురుకొని, ఆ దిక్కు నడిచింది.